మేజా మీద లేని రేడియో: ప్రాజెక్టు డైరీ

1వ రోజు

రాత్రి మాస్టారు ఫోన్ చేశారు. నాకు మోర్స్ నేర్పింది ఆయనే కాబట్టి ఊరంతా ఏమని పిలిచినా నాకు మాస్టారే.

"ఏమోయ్, నీ ప్రోగ్రాం నాతో పోట్లాటకు దిగింది. నేను డయల్ ముందుకు తిప్పుతుంటే అది వెనక్కి లాగేస్తోంది."

"ఎప్పుడు లాగుతోందండీ?"

"తిప్పినప్పుడల్లా లాగుతోంది. వదిలేస్తే బుద్ధిగా ఉంటోంది."

నా ప్రోగ్రాం చేసే పని చిన్నదే. కంప్యూటర్ నుంచి హ్యామ్ రేడియో (హాబీగా సందేశాలు పంపుకునే రేడియో) ఫ్రీక్వెన్సీ మార్చడం, మోడ్ (సిగ్నల్ పంపే పద్ధతి) మార్చడం, ట్రాన్స్‌మిట్ నొక్కడం, వదలడం. పైథాన్‌లో రాసుకున్నాను, సరదాగా వాడమని నలుగురికి ఇచ్చాను. మాస్టారి దగ్గరున్నది ఐకామ్ ఐసీ-7300. నా దగ్గరున్నది పాత యాయెసు ఎఫ్‌టీ-817 ఒక్కటే. అంటే ఆయన రేడియో కోసం రాసిన కోడంతా మాన్యువల్ చూసి రాసిందే తప్ప, ఆ రేడియో ముందు కూర్చుని రాసింది కాదు. ఇన్నాళ్లూ పనిచేసిందంటే నా గొప్ప కాదు, అదృష్టం.

ఆయన్ని రోజూ విసిగించలేను. రేడియో కొనలేను. మిగిలింది ఒక్కటే దారి, సాఫ్ట్‌వేర్‌లోనే ఒక నకిలీ ఐసీ-7300 కట్టుకోవడం. నా ప్రోగ్రాం ఒక సీరియల్ పోర్ట్, అంటే బైట్లు ఒకదాని వెనక ఒకటి వెళ్లే దారి, తెరుస్తుంది. ఆ పోర్ట్‌కు అవతల నిజం రేడియో ఉందో, ఇంకో పైథాన్ ప్రోగ్రాం ఉందో దానికి తెలియకూడదు.

2వ రోజు

ముందు సులువైన దారి చూశాను. హ్యామ్‌లిబ్ అనే ఓపెన్ సోర్స్ లైబ్రరీ ఉంది, రకరకాల కంపెనీల రేడియోలన్నిటికీ ఒకే భాషలో ఆదేశాలివ్వడానికి. దాంట్లో మోడల్ నంబర్ 1 పేరే డమ్మీ. రిగ్‌సీటీఎల్‌డీ అనే సర్వర్‌ను ఆ మోడల్‌తో నడిపితే 4532 పోర్ట్ మీద కూర్చుంటుంది. ఫ్రీక్వెన్సీ ఎంత అని అడిగితే 145000000 అంటుంది. 14074000కి మార్చమంటే "ఆర్‌పీఆర్‌టీ 0" అంటుంది, అంటే సరే అయిపోయింది అని. మళ్లీ అడిగితే 14074000 అంటుంది.

అరగంట ఆడుకున్నాక అర్థమైంది, ఇది నాకు పనికొచ్చే రకం కాదు. ఏం చెప్పినా సరే అంటుంది. ఆలస్యం చేయదు, విసుక్కోదు, తనంతట తాను నోరు విప్పదు. పైగా నా ప్రోగ్రాం దీనితో మాట్లాడేది టీసీపీ మీద, అంటే నెట్‌వర్క్ దారిలో. మాస్టారి గొడవ ఉన్నదేమో సీరియల్ పోర్ట్ మీద, బైట్ల మధ్య. స్క్రీన్ మీద బటన్లు పనిచేస్తున్నాయా లేదా చూసుకోవడానికి డమ్మీ చక్కగా సరిపోతుంది. అంతవరకే.

4వ రోజు

రెండు రాత్రులు మింగేసిన విషయం ఇది. రాసిపెట్టుకోకపోతే మళ్లీ పడతాను.

లినక్స్‌లో సోక్యాట్ అనే ఆదేశంతో రెండు సూడో టెర్మినళ్లను, అంటే సాఫ్ట్‌వేర్‌లోనే ఉండే ఉత్తుత్తి పోర్ట్‌లను, పుట్టించి ఒకదానికొకటి కలపొచ్చు. ఒక కొసన రాసింది రెండో కొసన వస్తుంది. లేని కేబుల్ అన్నమాట. ఒక కొస నా ప్రోగ్రాంకు, రెండోది సిమ్యులేటర్‌కు, అంటే నకిలీ రేడియోకు, ఇచ్చాను.

ఐకామ్ భాష పేరు సీఐ-వీ. బైట్లను హెక్స్‌లో, అంటే పదహారు అంకెల లెక్కలో, రాస్తున్నాను. ప్రతి సందేశం ఎఫ్‌ఈ ఎఫ్‌ఈ అని రెండు బైట్లతో మొదలై ఎఫ్‌డీతో ముగుస్తుంది. మధ్యలో ఎవరికి, ఎవరి నుంచి, ఏ పని. ఐసీ-7300 చిరునామా 94, కంప్యూటర్ చిరునామా ఈ0. ఫ్రీక్వెన్సీ చెప్పమనే పని నంబర్ 03, మోడ్ చెప్పమనేది 04. కాబట్టి "ఫ్రీక్వెన్సీ ఎంత" అనే ప్రశ్న ఇలా ఉంటుంది: ఎఫ్‌ఈ ఎఫ్‌ఈ 94 ఈ0 03 ఎఫ్‌డీ. ఆరే బైట్లు.

పంపాను. సిమ్యులేటర్‌కు ఏమీ రాలేదు. ఒక్క బైటూ రాలేదు. టెర్మినల్ కదా, ఎవరైనా ఎంటర్ నొక్కేదాకా లైను చేతికివ్వదు. సీఐ-వీలో ఎంటర్ ఎక్కడిది? ఆ లక్షణం ఒక్కటి తీసేశాను. అసలు తమాషా అప్పుడు మొదలైంది. మోడ్ అడిగితే సిమ్యులేటర్‌కు అందుతోంది. ఫ్రీక్వెన్సీ అడిగితే అందడం లేదు. రెంటికీ తేడా ఒక్క బైటే, 04 బదులు 03. బైట్లను విడదీసి చదివే నా పార్సర్‌ను అనుమానించి రెండుసార్లు తిరగరాశాను. పాపం దాని తప్పేమీ లేదు.

తిరిగి వచ్చిన బైట్లను పచ్చిగా ప్రింట్ చేసి చూస్తే 5ఈ 43 అని రెండు బైట్లు కనబడ్డాయి. నేను పంపనివి. ఆస్కీలో చూస్తే ఒక గొడుగు గుర్తు, తర్వాత పెద్ద సీ. టెర్మినల్‌లో ప్రోగ్రాం ఆపేసినప్పుడు తెర మీద పడేది అదే కదా! 03 అంటే కంట్రోల్-సీ. నేను రేడియోను ఫ్రీక్వెన్సీ అడుగుతున్నాననుకుంటున్నాను, మధ్యలో ఉన్న టెర్మినల్ మాత్రం ఎవరో ప్రోగ్రాం ఆపమంటున్నారనుకుని ఆ బైటును మింగేసి, అంతకుముందు వచ్చి చదవకుండా ఉన్నవాటిని కూడా పారబోస్తోంది.

మందు ఒక్క మాటే. రెండు కొసలనూ రా మోడ్‌లో (ఏ బైటుకూ అర్థం వెతక్కుండా ఉన్నది ఉన్నట్టు పంపే పద్ధతి) పెట్టి, ఎకో (వచ్చినదాన్ని తిరిగి పంపడం) తీసేయడం. సోక్యాట్‌కు ఆ రెండూ చెప్పొచ్చు. రెండు రాత్రులకు రెండు పదాలు.

7వ రోజు

నకిలీ ఐసీ-7300 లేచి కూర్చుంది. ఫ్రీక్వెన్సీ పెట్టడం, చదవడం, మోడ్, పీటీటీ (ట్రాన్స్‌మిట్ మీట), ఎస్-మీటర్ (వచ్చే సిగ్నల్ బలం). పద్నాలుగు టెస్టులు రాశాను, పద్నాలుగూ పచ్చగా వచ్చాయి. సంతోషంగా పడుకోవాల్సింది. ఎందుకో హ్యామ్‌లిబ్‌తో వచ్చే రిగ్‌సీటీఎల్ అనే ఆదేశాన్ని ఐసీ-7300 మోడల్‌తో, అంటే 3073తో, నా సిమ్యులేటర్ మీదకు వదిలి చూద్దామనిపించింది. వచ్చీ రాగానే నేను రాయని ప్రశ్నలేవో అడిగింది. వాటికి ఎఫ్‌ఏ, అంటే "చేతకాదు", అని జవాబిచ్చాను. సర్దుకుంది. ఫ్రీక్వెన్సీ అడిగాను.

40071400 అంది.

నా సిమ్యులేటర్‌లో ఉన్నది 14074000. 20 మీటర్ల బ్యాండ్‌లో ఎఫ్‌టీ8 అనే డిజిటల్ పద్ధతి వాళ్లుండే చోటు. ఆ 40 మెగాహెర్ట్జ్ ఎక్కణ్ణుంచి ఊడిపడింది?

కాగితం మీద రాసుకున్నాను. సీఐ-వీలో ఫ్రీక్వెన్సీ అయిదు బైట్లు, బైటుకు రెండు అంకెలు. 14.074 మెగాహెర్ట్జ్‌ను పదంకెలుగా రాస్తే 0014074000. జంటలుగా విడగొడితే 00 14 07 40 00. కానీ ఐకామ్ వాడు చిన్న స్థానాల నుంచి మొదలుపెడతాడు. అంటే తీగ మీద వెళ్లాల్సింది తలకిందులుగా: 00 40 07 14 00. నేను తిప్పకుండా పంపాను. హ్యామ్‌లిబ్ సరైన పద్ధతిలో తిప్పి చదివితే 40071400 వచ్చింది.

మరి నా పద్నాలుగు టెస్టులు ఎలా పాసయ్యాయి? ఎందుకంటే సిమ్యులేటర్ రాసేటప్పుడు శ్రమ ఎందుకని నా ప్రోగ్రాంలోని ఎన్‌కోడ్ ఫంక్షన్‌నే తెచ్చి వాడాను. గత వారమే దాన్ని "శుభ్రం" చేస్తూ తిప్పే లైను ఎగరగొట్టాను. ప్రోగ్రాం తప్పుగా పంపింది, సిమ్యులేటర్ అదే తప్పుతో చదివింది, రెండు తప్పులూ కలిసి ఒప్పయిపోయాయి. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు, నా సిమ్యులేటర్ లెక్కపెట్టినా మూడే. మాస్టారికి ఇంకా ఈ వెర్షన్ ఇవ్వలేదు కాబట్టి సరిపోయింది.

ఇవాళ్టి నుంచి ఒక నియమం. సిమ్యులేటర్ వేరే ఫోల్డర్‌లో ఉంటుంది, ప్రోగ్రాం కోడ్‌లో ఒక్క లైనూ దిగుమతి చేసుకోదు. ఎన్‌కోడింగ్ మళ్లీ మొదటి నుంచి, మాన్యువల్ పక్కన పెట్టుకుని రాశాను. కొన్ని టెస్టుల్లో ఫంక్షన్లే లేకుండా బైట్లనే చేత్తో రాసి పెట్టాను. చుట్టం చెప్పే సాక్ష్యం చెల్లదు.

8వ రోజు

ఆఫీసు పని. ఏమీ చేయలేదు.

10వ రోజు

మాస్టారి గొడవ దొరికింది! దానికోసం నకిలీ రేడియోకు రెండు చెడ్డ అలవాట్లు నేర్పాల్సి వచ్చింది.

మొదటిది ఎకో. సీఐ-వీ అసలు పుట్టింది ఒకే తీగ మీద. పంపేవాడూ వినేవాడూ అదే తీగ వాడతారు కాబట్టి నువ్వు పంపింది నీకే తిరిగి వినబడుతుంది. ఐసీ-7300లో యూఎస్‌బీ మీద ఆ ఎకో ఉండాలా వద్దా అన్నది మెనూలో పెట్టుకోవచ్చు. ఎకో ఆన్ చేయగానే నా ప్రోగ్రాం తన ప్రశ్నను తానే జవాబనుకుని చదివింది. చిరునామాలు చూస్తే చాలు, ఎకోలో 94 తర్వాత ఈ0 ఉంటుంది, జవాబులో ఈ0 తర్వాత 94. ఆ తనిఖీ నా కోడ్‌లో లేదు. పెట్టాను.

రెండోది, అడక్కుండానే చెప్పడం. ట్రాన్సీవ్ అనే సెట్టింగ్ ఆన్‌లో ఉంటే, మనిషి డయల్ తిప్పిన ప్రతిసారీ రేడియో కొత్త ఫ్రీక్వెన్సీని తనంతట తానే 00 అనే చిరునామాకు, అంటే అందరికీ, చాటేస్తుంది. మన ప్రశ్నకూ దాని జవాబుకూ మధ్యలో కూడా ఇవి వచ్చి పడొచ్చు.

సిమ్యులేటర్‌లో "చెయ్యి" అని ఒక థ్రెడ్ పెట్టాను. అది ప్రతి 20 మిల్లీసెకన్లకు డయల్‌ను 10 హెర్ట్జ్ తిప్పుతుంది, మాస్టారు తిప్పినట్టే. నడిపి, లాగ్ చూశాను. చెయ్యి తిప్పింది, 14074010 అయింది. 14074020 అయింది. రేడియో చాటింది. నా ప్రోగ్రాం విని, తెర మీదున్న గడిలో 14074020 రాసింది. గడిలో అంకె మారింది కదా, "అంకె మారితే రేడియోకు పంపు" అనే ఫంక్షన్ లేచింది. అది మనిషి మార్చాడో ప్రోగ్రాం మార్చిందో చూడదు. రేడియోకు "14074020 పెట్టు" అని పంపింది. ఈలోగా చెయ్యి 14074060కి వెళ్లిపోయింది. రేడియో బుద్ధిగా వెనక్కి 14074020కి వచ్చింది.

మాస్టారు తిప్పుతున్నారు, నేను లాగుతున్నాను. ఆయన తిప్పకపోతే గడిలో అంకె మారదు, గొడవా లేదు. అచ్చం ఆయన చెప్పినట్టే.

డమ్మీతో ఇది ఏ జన్మకూ దొరికేది కాదు. దానికి డయల్ తిప్పే మనిషి లేడు. సరిచేయడం అయిదు నిమిషాల పని. రేడియో నుంచి వచ్చిన మార్పును గడిలో రాసేటప్పుడు ఆ ఫంక్షన్‌ను పక్కకు తప్పించాను. మాస్టారికి పంపాను. "శాంతించింది" అని మెసేజ్ పెట్టారు.

ప్రాజెక్టు ఇక్కడితో అయిపోవాల్సింది. కానీ పద్నాలుగు పచ్చ టెస్టుల దెబ్బ ఇంకా తగ్గలేదు. ఇంకా ఏమేం దాక్కున్నాయో చూడాలి.

13వ రోజు

సమయం. సూడో టెర్మినల్‌కు బాడ్ రేట్ (సెకనుకు ఎన్ని బిట్లు) అంటే లెక్కలేదు. 4800 అని పెట్టినా, 115200 అని పెట్టినా ఒకటే వేగం, రాసిన వెంటనే అవతలికి. నిజం తీగ మీద అలా ఉండదు. 19200 బాడ్ దగ్గర బైటుకు స్టార్ట్, స్టాప్ బిట్లతో కలిపి పది బిట్లు, అంటే సెకనుకు 1920 బైట్లు, బైటుకు అర మిల్లీసెకను పైచిలుకు. ఫ్రీక్వెన్సీ జవాబు పదకొండు బైట్లు, సుమారు 5.7 మిల్లీసెకన్లు. ఎఫ్‌టీ-817 ఇంకా నిదానం. 4800 బాడ్, రెండు స్టాప్ బిట్లు, బైటుకు పదకొండు బిట్లు. అయిదు బైట్ల ఆదేశం వెళ్లడానికే 11.5 మిల్లీసెకన్లు.

అందుకని సిమ్యులేటర్ ఇప్పుడు ఒక్కో బైటును ఆ లెక్క ప్రకారం ఆగి ఆగి పంపుతుంది. అంతే, నా "వచ్చిందంతా ఒకేసారి చదువు" పద్ధతి కుప్పకూలింది. సగం సందేశం చదివి, అయిదు బైట్లు ఉండాల్సిన చోట రెండే ఉంటే ఇండెక్స్ ఎర్రర్. ఇన్నాళ్లూ ఇది బయట ఎవరి దగ్గరా పడలేదంటే, ఎక్కువసార్లు ఆపరేటింగ్ సిస్టమ్ బఫర్ నన్ను కాపాడిందన్నమాట. ఎఫ్‌డీ కనబడేదాకా పోగుచేసుకుని అప్పుడు విడదీసేలా మార్చాను. ఇది మొదటి రోజే రాయాల్సిన పద్ధతి. ఎవరూ చూడలేదు కదా అని వదిలేసిన పని.

16వ రోజు

ఇవాళ్టిది రాస్తుంటే ఇంకా కొంచెం టెన్షన్‌గానే ఉంది.

పీటీటీ అంటే ట్రాన్స్‌మిట్ మీట. సీఐ-వీలో 1సీ 00 01 పంపితే రేడియో గాలిలోకి పంపడం మొదలుపెడుతుంది, 1సీ 00 00 పంపితే ఆపుతుంది. ఎఫ్‌టీ8లో అయితే 15 సెకన్ల వంతులు, ఒక్కో వంతులో 12.64 సెకన్లు నిండు పవర్‌తో సిగ్నల్. 100 వాట్ల రేడియో ఆ తర్వాత ఆగకుండా పంపుతూనే ఉంటే ఫైనల్ ట్రాన్సిస్టర్లు వేడెక్కుతాయి, బ్యాండ్ మీద అందరికీ అడ్డం పడుతుంది. మిగతా బగ్గులన్నీ చిరాకు. ఇది ప్రమాదం.

సిమ్యులేటర్‌కు కొత్త అలవాటు నేర్పాను. ఇరవై జవాబుల్లో ఒకటి మింగేయడం. ఎప్పుడు మింగాలో ర్యాండమ్‌గా నిర్ణయిస్తుంది కానీ, సీడ్ నంబర్ ముందే లాగ్‌లో రాస్తుంది, అదే సీడ్ ఇస్తే అదే చోట మళ్లీ మింగుతుంది. ఇది లేకపోతే రాత్రి ఒకసారి కనబడి మాయమయ్యే బగ్గు వెంట పరిగెత్తాలి.

రెండు వందల వంతులు నడిపాను. అన్నీ పాస్. నమ్మబుద్ధి కాలేదు. సిమ్యులేటర్ తన సొంత లాగ్ రాస్తుంది కదా, అది తెరిచాను. 43వ వంతులో పీటీటీ ఆన్ అయింది. ఆఫ్ అయినట్టు ఎక్కడా లేదు. 44వ వంతు మొదట్లో మళ్లీ "ఆన్" వచ్చేదాకా, ఆ తర్వాత వచ్చిన "ఆఫ్" దాకా, ట్రాన్స్‌మిట్‌లోనే ఉంది.

జరిగింది ఇది. నా ప్రోగ్రాం "ఆన్" అని పంపింది. రేడియో ఆన్ అయింది, "సరే" అని ఎఫ్‌బీ పంపింది. ఆ ఎఫ్‌బీనే సిమ్యులేటర్ మింగింది. నా ప్రోగ్రాం 200 మిల్లీసెకన్లు చూసి, జవాబు లేదు కాబట్టి పని జరగలేదు అనుకుంది. "ట్రాన్స్‌మిట్‌లో ఉన్నానా?" అనే దాని గుర్తు "లేదు" అనే ఉండిపోయింది. వంతు అయ్యాక ఆపే కోడ్ ఏం చేస్తుందంటే, ముందు ఆ గుర్తు చూస్తుంది. లేదు అని ఉంది కదా, ఇక ఆపడానికి ఏముంది? ఏమీ పంపలేదు.

జవాబు రాకపోవడానికి రెండు అర్థాలున్నాయి. ఆదేశం దారిలో పోయి ఉండొచ్చు, లేదా ఆదేశం అంది జవాబు దారిలో పోయి ఉండొచ్చు. ఇవతల కూర్చున్నవాడికి రెండూ ఒకలాగే కనబడతాయి. నేను నాకు నచ్చిన అర్థం తీసుకున్నాను.

మరి టెస్టులు ఎందుకు పాసయ్యాయి? వంతు చివర నా టెస్ట్ అడిగింది ప్రోగ్రాంను: "ట్రాన్స్‌మిట్‌లో ఉన్నావా?" అది నిజాయితీగానే "లేను" అంది. అడగాల్సింది దాన్ని కాదు. మళ్లీ అదే ఏడో రోజు తప్పు, వేరే వేషంలో వచ్చింది. ఎవరిని పరీక్షిస్తున్నానో వాళ్లనే సాక్ష్యం అడిగాను.

టెస్టులన్నీ తిరగరాశాను. ఇకమీదట ప్రతి టెస్టూ సిమ్యులేటర్‌నే అడుగుతుంది, ప్రోగ్రాంకు తెలియకుండా పక్క దారిలో. రాసిన వెంటనే ఇరవై ఒకటిలో ఆరు ఎర్రబడ్డాయి. ఈ ప్రాజెక్టులో నాకు బాగా నచ్చిన క్షణం అది, విచిత్రంగా.

17వ రోజు

సరిచేయడం. ఆపే కోడ్ ఇప్పుడు ఏ గుర్తూ చూడదు. గుడ్డిగా "ఆఫ్" పంపుతుంది, తర్వాత 1సీ 00 అని వట్టిగా పంపి పరిస్థితి అడుగుతుంది, 00 అని స్వయంగా వినేదాకా మూడుసార్లు ప్రయత్నిస్తుంది. అప్పటికీ కాకపోతే తెరంతా ఎర్రగా చేసి "రేడియో చేత్తో ఆపండి" అంటుంది. అందంగా లేదు. అందం ఇక్కడ అక్కర్లేదు.

తర్వాత ఇంకో ప్రశ్న. ట్రాన్స్‌మిట్ మధ్యలో నా ప్రోగ్రామే చచ్చిపోతే? మామూలుగా మూసేస్తే ఆపే కోడ్ నడుస్తుంది. కిల్ -9 కొడితే, అంటే ప్రోగ్రాంను ఉన్నపళంగా చంపమని లినక్స్‌కు చెబితే, ఏ కోడూ నడవదు. కొట్టి చూశాను. సిమ్యులేటర్ ట్రాన్స్‌మిట్‌లోనే కూర్చుంది, కాఫీకి వెళ్లి వచ్చినా అలాగే ఉంది.

దానికి ప్రోగ్రాంను రెండు ముక్కలు చేశాను. సీరియల్ పోర్ట్ ఒక చిన్న ప్రాసెస్ చేతిలో ఉంటుంది. తెర, బటన్లు ఇంకో ప్రాసెస్. రెంటి మధ్య ఒక పైపు. తెర వైపు ప్రాసెస్ ఎలా చచ్చినా పైపు మూసుకుంటుంది, ఆ సంగతి చిన్నదానికి తెలుస్తుంది, అది ముందు "ఆఫ్" పంపి తర్వాత తాను పోతుంది. చిన్నదాన్నే చంపితే? కేబుల్ ఊడితే? అప్పుడు సాఫ్ట్‌వేర్ చేతులెత్తేయాల్సిందే, ఎక్కువసేపు పంపుతుంటే తనంతట తానే ఆపేసే, రేడియోలోని టైమ్-అవుట్ టైమరే దిక్కు. అది నిమిషాల లెక్కలో పనిచేస్తుంది. అయినా ఆన్ చేసుకోమని ప్రోగ్రాం మొదటి తెర మీదే రాసిపెట్టాను.

20వ రోజు

ఇక నకిలీ ఎఫ్‌టీ-817. నిజంది నా మేజా మీదే ఉంది కాబట్టి ఇది తేలిక అనుకున్నాను.

దీని భాషలో మొదలు గుర్తు లేదు, ముగింపు గుర్తు లేదు. ప్రతి ఆదేశం అయిదు బైట్లు, చివరి బైటు పని నంబర్. 14.074 పెట్టమంటే 01 40 74 00 01. ఫ్రీక్వెన్సీ చెప్పమంటే నాలుగు సున్నాలు, తర్వాత 03. ఇక్కడ అంకెలు మనం రాసే వరుసలోనే వెళతాయి, ఐకామ్‌లా తలకిందులు కావు.

సిమ్యులేటర్‌తో ఒక్క బైటు మింగించాను, పెట్టమన్న ఆదేశంలో మొదటిది. అవతల 40 74 00 01 అని నాలుగే ఉన్నాయి, అయిదోదాని కోసం చూస్తోంది. నా ప్రోగ్రాం తర్వాతి ప్రశ్న పంపింది, దాని మొదటి బైటు 00. అది వెళ్లి అయిదో స్థానంలో కూర్చుంది. ఈ రేడియోలో 00 అనే పని నంబర్‌కు అర్థం డయల్ లాక్. ఆ తర్వాత వచ్చేవన్నీ ఒక్కో బైటు జరిగిపోయి, ప్రతి ప్రశ్నా మళ్లీ డయల్ లాక్ అవుతూ పోయింది. ఫ్రీక్వెన్సీ ఎంత అని నేను మర్యాదగా అడుగుతుంటే రేడియో తాళం మీద తాళం వేసుకుంటోంది.

నవ్వొచ్చింది కానీ, ఆ చోట పడింది 00 కాబట్టి సరిపోయింది. 08 పడి ఉంటే ట్రాన్స్‌మిట్. ఇప్పుడు జవాబు రాకపోతే ప్రోగ్రాం వెంటనే మళ్లీ అడగదు. కాసేపు ఆగి, పోర్ట్ బఫర్లు ఖాళీ చేసి, అప్పుడు అడుగుతుంది. సిమ్యులేటర్ కూడా సగం ఆదేశాన్ని కొంతసేపు చూసి పారేసేలా మార్చాను.

ఇంకో చిన్నది. దీని అడుగు 10 హెర్ట్జ్. 14074005 పెట్టి చదివితే 14074000 వస్తుంది. "పెట్టిందే తిరిగి రావాలి" అనే నా టెస్ట్ ఫెయిలైంది. తప్పు టెస్టుదే.

22వ రోజు

ఇక కెన్‌వుడ్ కంపెనీ రేడియోల భాష. హాయిగా ఉంది. మొత్తం మామూలు అక్షరాలు, చివర సెమీకోలన్. ఫ్రీక్వెన్సీకి ఎఫ్‌ఏ అనే రెండు అక్షరాలు (ఐకామ్ ఎఫ్‌ఏ బైటు కాదు), తర్వాత పదకొండు అంకెలు, 00014074000, సెమీకోలన్, అయిపోయింది. ఐడీ అని అడిగితే టీఎస్-2000 అయితే 019 అంటుంది. అర్థం కానిది పంపితే ప్రశ్నార్థకం, సెమీకోలన్. కంటితో చదివి తప్పు పట్టొచ్చు. ఒక్క సాయంత్రంలో అయిపోయింది, చెప్పుకోదగ్గ బగ్గు ఒక్కటీ లేదు.

25వ రోజు

టెస్టులన్నీ నడవడానికి 11 నిమిషాలు పడుతోంది. 11 నిమిషాలైతే నేను నడపను, నా సంగతి నాకు తెలుసు. సమయమంతా 15 సెకన్ల వంతుల కోసం ఆగడంలోనే పోతోంది. ప్రోగ్రాంలో, సిమ్యులేటర్‌లో గడియారం చూసే చోట్లన్నీ వెతికి, బయటి నుంచి ఇచ్చే గడియారం వాడేలా మార్చాను. టెస్టులప్పుడు ఇచ్చేది నకిలీ గడియారం, "15 సెకన్లు గడిచాయనుకో" అంటే గడిచాయనుకుంటుంది. ఇప్పుడు 9 సెకన్లు. సూడో టెర్మినల్ మీద నిజం సమయంతో నడిచేవి నాలుగే ఉంచాను, రాత్రిపూట నడుస్తాయి.

ఇవాళే ఇంకోటి తెలిసింది. హ్యామ్‌లిబ్ సోర్స్‌లోనే సిమ్యులేటర్స్ అని ఒక ఫోల్డర్ ఉంది. రకరకాల రేడియోల నకిలీలు, ఒక్కోటి చిన్న సీ ప్రోగ్రాం. నడిపితే సూడో టెర్మినల్ పుట్టించి దాని పేరు ప్రింట్ చేస్తాయి. నేను ఇరవై అయిదు రోజులుగా చేస్తున్నదే! ముందే చూసి ఉంటే కొంత పని తగ్గేది. బైట్లు మింగడం, చెయ్యి తిప్పడం మాత్రం నేను ఎలాగూ రాసుకోవాల్సిందే అని సర్దిచెప్పుకున్నాను. నా ప్రోగ్రాంను వాటి మీద కూడా నడిపాను. వేరే వాళ్లు రాసినవి కాబట్టి వాటి మాటకు విలువ ఎక్కువ. మోడ్ దగ్గర ఒక తప్పు పట్టిచ్చాయి.

30వ రోజు

ల్యాప్‌టాప్ తీసుకుని మాస్టారి ఇంటికి వెళ్లాను. యాంటెన్నా ఊడదీసి, సిగ్నల్ గాలిలోకి పోకుండా వేడిగా మార్చే 50 ఓముల డమ్మీ లోడ్ తగిలించి, పవర్ తగ్గించి పెట్టారు ఆయన. "నీ మీద నమ్మకం లేక కాదోయ్" అన్నారు. నమ్మకం లేకే.

నలభై మూడు టెస్టులు, అన్నీ పచ్చ. మూడు నకిలీ రేడియోలు, వంద సీడ్లు. ప్రోగ్రాం తెరిచి, పోర్ట్ ఎంచుకుని, కనెక్ట్ నొక్కాను.

రేడియో మీద ఎర్ర లైటు వెలిగింది. ట్రాన్స్‌మిట్. అర సెకను ఉండి ఆరిపోయింది.

"ఏం పంపావు?" అన్నారు మాస్టారు.

"ఏమీ పంపలేదండీ."

లాగ్ చూపించాను. నిజంగానే ఒక్క బైటూ వెళ్లలేదు. పోర్ట్ తెరిచానంతే. ఆయన మెనూలోకి వెళ్లి యూఎస్‌బీ సెండ్ అనే సెట్టింగ్ చూపించారు. ఆర్‌టీఎస్ అని ఉంది, వేరే సాఫ్ట్‌వేర్ కోసం ఎప్పుడో పెట్టుకున్నారట. అంటే సీరియల్ పోర్ట్‌లో డేటాతో పాటు ఉండే ఆర్‌టీఎస్ అనే తీగ పైకి లేస్తే చాలు, రేడియో ట్రాన్స్‌మిట్‌లోకి వెళుతుంది. లినక్స్‌లో సీరియల్ పోర్ట్ తెరవగానే డీటీఆర్, ఆర్‌టీఎస్ తీగలు రెండింటినీ కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ లోపలి భాగం) పైకి లేపుతుంది. నా కోడ్ తర్వాత తీరిగ్గా దించింది. ఆ మధ్య అర సెకనే ఎర్ర లైటు.

సూడో టెర్మినల్‌కు ఆర్‌టీఎస్ తీగే లేదు. నా దగ్గరున్న మూడు నకిలీల్లో ఏ ఒక్కదానికీ అది లేదు.

దించే లైనును పోర్ట్ తెరిచిన వెంటనే వచ్చేలా జరిపాను. ఎర్ర లైటు ఇప్పుడు కంటికి కనబడనంత తక్కువసేపు వెలుగుతుంది, కానీ వెలుగుతుంది. కెర్నల్ లేపేది మనకంటే ముందే కాబట్టి ఆ క్షణాన్ని పూర్తిగా తీసేయడం నా చేతిలో లేదు. మాస్టారు సెట్టింగ్ ఆఫ్ చేశారు. ఆ తర్వాత రెండు గంటలు డమ్మీ లోడ్ మీద ఎఫ్‌టీ8 వంతులు నడిపాం. మధ్యలో నేను మూడుసార్లు కిల్ -9 కొట్టాను, మూడుసార్లూ రేడియో ఆగింది. నాలుగోసారి ఆయనే కీబోర్డ్ లాక్కుని కొట్టారు.

రేపటి పని: సీరియల్ పోర్ట్‌కు బదులు కూర్చునే ఒక నకిలీ పోర్ట్ క్లాస్, ఆర్‌టీఎస్, డీటీఆర్ తీగలతో సహా. తెరవగానే రెండూ పైకి లేవాలి. సిమ్యులేటర్ ఆ తీగను చూసి పీటీటీ ఆన్ చేయాలి. ముందు టెస్ట్ ఎర్రగా రావాలి.